మూడో యాంటెన్నా

నగరానికి ఆ కొసన ఉన్న టెస్టింగ్ ల్యాబ్‌లో మా పెట్టె రెండోసారి ఫెయిలైన రోజున, మా ఆయన అక్కడి ఇంజనీరుకు రెండు చేతులూ జోడించి థాంక్స్ చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫెయిల్ చేసినవాడికి దండాలేంటి? గోడలనిండా నల్లటి స్పాంజి ముళ్ళు అతికించిన ఆ గదిలోంచి బయటికొచ్చేదాకా పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను. బయటికొచ్చాక మాత్రం ఊరుకోలేదు. ఆయన మామూలుగానే తల ఊపుతూ విన్నాడు. పోచంపల్లి మగ్గాల ఇంట పుట్టిన మనిషి, ఓపిక ఎక్కువ. నేను కృష్ణాజిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగినదాన్ని, నోరు ఎక్కువ. ఇద్దరం కలిసి చేసిన వస్తువుకు మాత్రం ఈ రెండూ అక్కరకు రాలేదు.

పెట్టె అంటే పెద్దదేమీ కాదు. సెలైన్ బాటిల్‌కు తగిలించే అలారం. బాటిల్ అయిపోవస్తుంటే నర్సు బల్ల మీద దాని జత పెట్టె మోగుతుంది. ఆసుపత్రిలో మనిషి పక్కన కూర్చున్నవాళ్ళకు తెలుసు, ఆ చుక్కల వంక చూస్తూ కూర్చోవడం ఎలాంటి పనో. మా మామగారు దవాఖానలో ఉన్నప్పుడు ఆయన ఇద్దరు కొడుకులూ వంతులు వేసుకుని బాటిల్‌ను కాపలా కాశారు. మా బావగారి వంతులో ఆయనకు కునుకు పట్టింది. బాటిల్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎగబాకింది. నర్సు వచ్చి చీవాట్లు పెట్టి సరిచేసింది, మామగారికి ఏమీ కాలేదు. కానీ అన్నదమ్ములిద్దరూ ఆ ఎర్రటి గొట్టాన్ని మరిచిపోలేకపోయారు. ఆ భయంలోంచి పుట్టిందే మా అలారం. దీనికోసం ఆయన ఉద్యోగం వదిలేశాడు. నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఎలక్ట్రానిక్స్ సెక్షన్ మూసేశారు కాబట్టి నాకు వదిలేయడానికి ఏమీ మిగల్లేదు. లోపలి బోర్డు నాది, తక్కినదంతా ఆయనది.

కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ తనకు తెలియకుండానే కాస్త రేడియో వదులుతూ ఉంటుంది. ఆసుపత్రిలో అది పక్క మంచం దగ్గరి మానిటర్‌ను గందరగోళం చేయకూడదు. అందుకని నియమాలు రాసినవాళ్ళు ఒక గీత గీసి, ఏ వస్తువైనా దానికి లోపల ఉండాలన్నారు. మాది అన్నిచోట్లా బుద్ధిగానే ఉంటూ, ఎఫ్ఎం స్టేషన్లు మొదలయ్యే చోటుకు కాస్త కింద ఒకే ఒక్కచోట తల ఎత్తుతోంది. ల్యాబ్ వాళ్ళ గ్రాఫులో ఎర్ర గీత మీదికి పొడుచుకొచ్చిన ఆ ఒక్క మొన, కళ్ళు మూసుకున్నా నాకు కనపడేది.

ఒక ఆసుపత్రివాళ్ళు మా అలారాన్ని వార్డుల్లో పెట్టడానికి ఒప్పుకున్నారు. నెలాఖరు లోపల ల్యాబ్ రిపోర్టు తెమ్మన్నారు, లేకపోతే ఇంకొకరిది తీసుకుంటామన్నారు. ల్యాబ్‌లో మాకు ఇంకొక్కసారే వేళ దొరికింది. ఇదంతా ఒక ఎత్తు, మా ఆయన వాళ్ళన్నకు ఇచ్చిన మాట ఒక ఎత్తు.

మా బావగారిది దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు. ఒక్కరే చూసుకోలేకపోతున్నారు, తమ్ముడు వస్తే బాగుండునని ఆయన కోరిక. ఎప్పుడూ బలవంతపెట్టలేదు. రెండోసారి ఫెయిలైన సాయంత్రం మా ఆయనే వెళ్ళి చెప్పొచ్చాడు. “ఈసారి గూడ కాకుంటే, వచ్చే నెల సంది షాపుల కూసుంటా అన్నా” అన్నాడట. చీరల షాపు మీద నాకేం చిన్నచూపు లేదు, మా ఇంట్లో అందరూ ఆ షాపు తిండి తిన్నవాళ్ళే. కానీ పండగ రోజుల్లో అక్కడ కూర్చుని ఇంటికొచ్చిన మనిషిని నేను చూశాను. అన్నం కలుపుకుంటూ కంచంలోకి చూస్తూ ఉండిపోతాడు. పలకరిస్తే ఊఁ అంటాడు. ఏదైనా విప్పి చూడాలి, మళ్ళీ బిగించాలి, అప్పుడే ఆయన ఆయనలా ఉంటాడు. ఆ నెల దాటితే నాకు దక్కేది ఆ ఊఁ ఒక్కటేనని భయం పట్టుకుంది.

ఇంట్లోనే కొలుచుకోగలిగితే తప్ప పని జరగదు. ల్యాబ్‌కు వెళ్ళడం, ఫెయిలవడం, తిరిగొచ్చి ఏదో ఒకటి మార్చడం అంటే గుడ్డివాడు రాయి విసిరినట్టే. కొలిచే మీటరు అరచేతంత చిన్నది, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. చిక్కల్లా యాంటెన్నాతోనే. ప్రతి యాంటెన్నా ఉన్నదాంట్లో కొంతే వింటుంది. ఎంత తక్కువ వింటుందో తేల్చి రాసిన కాగితంతో సహా వచ్చే కంపెనీ యాంటెన్నాలు మా అందుబాటులో లేవు. ఆ లెక్క తెలియని యాంటెన్నాతో కొలవడమంటే, రాయి బరువెంతో తెలియని తక్కెడతో కూరగాయలు తూచడం.

“మనమే చేస్కుందాం. రెండు చేద్దాం, జంట” అన్నాడాయన.

నాగోల్ దారిలో ఒక హార్డ్‌వేర్ షాపులో అల్యూమినియం గొట్టాలు కొన్నాం. ఆయన వాటిని కోసిన తీరు చూసి నాకు నవ్వొచ్చింది. ఒక్కొక్కటి కొలిచి కొయ్యలేదు. రెండు యాంటెన్నాలకు కావలసిన గొట్టాలన్నీ పక్కపక్కన పెట్టి, గుడ్డ పీలికలతో బిగించి కట్టి, ఒక్క గీత గీసి, ఒక్క రంపంతో కోశాడు. రంధ్రాలూ అలాగే వేశాడు. లోపల పెట్టే, పింగాణీలా పెళుసైన నల్లటి ఫెర్రైట్ ఉంగరాల మీద తీగ చుట్టేటప్పుడూ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని, దీనికొక చుట్టు, దానికొక చుట్టు చుట్టాడు. వాళ్ళింట్లో అంతే. ఒక వరుస చీరలకు కావలసిన నూలంతా కలిపి కట్లు కట్టి, ఒకేసారి రంగులో ముంచుతారు. కలిపి కట్టినవి కలిసే తేలతాయి, వాటిలో తేడా రాదని ఆయన నమ్మకం. మా అత్తమ్మ గుమ్మంలో కూర్చుని కొడుకు చేతుల వంక చూస్తూ, ఇనుప పని చేసినా వీడు మగ్గం బుద్ధి పోగొట్టుకోలేదని మురిసిపోయింది.

వాటి లెక్క తేల్చడానికి బయలు కావాలి. మా ఎల్బీనగర్ డాబా మీద పనికి రాదు. పై అంతస్తు కోసం వదిలేసిన పిల్లర్ చువ్వలు, నీళ్ళ ట్యాంకు, మనిషి ఎత్తున వేలాడే కేబుల్ తీగలు, అన్నీ రేడియోను తిప్పికొట్టేవే. వెతగ్గా వెతగ్గా అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఒక ప్లాట్ల వెంచరు దొరికింది. పెద్ద కమాను, లోపల తారురోడ్లు, రంగు వేసిన హద్దురాళ్ళు. ఇల్లన్నది ఒక్కటీ లేదు. ఇంతకంటే మంచి ల్యాబ్ నాకు తెలిసి హైదరాబాదులో లేదు. నేల అంతటా రేడియోను ఒకేలా తిప్పికొట్టాలని, కింద పరచడానికి కోళ్ళ జాలీ చుట్టలు కొన్నాం. అత్తమ్మ వాటిని అంచుకు అంచు చేర్చి రాగి తీగతో కుట్టింది, బొంత కుట్టినంత శ్రద్ధగా.

వెంచరు వాచ్‌మన్ మమ్మల్ని చూడగానే పరేషాన్ అయ్యాడు. ఇక్కడ సెల్ టవర్ పెడ్తున్నరా, పెడితే ప్లాట్లు అమ్ముడు పోతయా అని అడిగాడు. టవర్ కాదు, ఆసుపత్రి వస్తువు అని చెప్పాక తెరిపిన పడి, ఎవరికన్నా ప్లాటు కావాలంటే చెప్పమని రంగురంగుల బ్రోచరొకటి నా చేతిలో పెట్టాడు.

జాలీ మీద రెండు స్టాండ్లు నిలబెట్టి, యాంటెన్నాలను ఎదురెదురుగా పెట్టాం. ఒకటి మాట్లాడుతుంది, ఒకటి వింటుంది. దారిలో గాలి ఎంత మింగుతుందో పుస్తకంలో లెక్క ఉంది. అది తీసేస్తే మిగిలిన నష్టం రెండు యాంటెన్నాలదీ కలిపి. ఎవరిదెంత? జంట కాబట్టి చెరి సగం. అంతే, క్యాలిబ్రేషన్ అయిపోయింది. ఇంత సులువా అని నాకే సందేహం కలిగింది గానీ, ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను. చాలా రోజుల తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను.

ఇంటికి రాగానే రెండోదాన్ని పాత నూలు చీరలో చుట్టి అటక మీద పెట్టేశాడు. కొత్త డిజైన్ వేస్తే ఒక చీర అమ్మకుండా దాచిపెట్టడం వాళ్ళ ఇంటి అలవాటు, నమూనాకు. రోజూ వాడే పని మొదటిదానిది. రెండోది నా భుజాన సంచిలో వచ్చింది గానీ, ఇది స్కూటర్ మీద నా మోకాళ్ళ మధ్య, అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఎల్బీనగర్ దాకా హైవే మీది ప్రతి గుంతకూ ఎగిరెగిరి పడుతూ వచ్చింది.

ఆ తర్వాత డాబా మీదే మా కాపురం. పెట్టెను ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి, ఎదురుగా యాంటెన్నా నిలబెట్టి, నేను బోర్డులో ఒకటి మార్చడం, ఆయన కొలవడం. ల్యాబ్‌లో చూసిన మొనే ఇక్కడా కనిపించింది. చువ్వల గోల ఎంత ఉంటుందో ముందే చూసుకుని ఆ మేరకు తీసేసేవాళ్ళం. నేను సర్క్యూట్లో ఒక చిన్న భాగం మార్చి, పైన రాగి రేకు మూతలా వేసిన మధ్యాహ్నం, మొన గీత కిందికి దిగిపోయింది. మళ్ళీ కొలిచాం. దిగింది. ఆయన కిందికి పరిగెత్తుకెళ్ళి మిర్చి బజ్జీలు తెచ్చాడు. ఆ వారమంతా మేం మనుషుల్లా బతికాం. నేను ఎవరి మీదా అరవలేదు. బావగారు ఫోన్ చేస్తే మా ఆయన ఎక్కువసేపు మాట్లాడాడు కూడా.

ఆ సుఖం మా అత్తమ్మ తువ్వాళ్ళతో పోయింది. డాబా మీద అల్యూమినియం గొట్టాలతో చక్కటి వస్తువు నిలబడి ఉంటే, ఉతికిన బట్టలు ఆరేయకుండా ఏ ఇల్లాలు మాత్రం ఊరుకుంటుంది? తడి తువ్వాళ్ళ బరువుకు ఒక గొట్టం బిగింపు ఊడింది. ఆయన మరమ్మతు చేస్తానని కిందికి తీసుకెళ్ళాడు. పని ఆగడం ఇష్టం లేక నేను అటక మీది రెండోదాన్ని దించి నిలబెట్టాను.

మొన గీత మీదికి లేచి కూర్చుంది.

ఎండకు కళ్ళు బైర్లు కమ్మాయనుకున్నాను. కేబుల్ మార్చాను, మీటరు ఆపి మళ్ళీ వేశాను. లేచే ఉంది. ఆయన బిగింపు సరిచేసి మొదటిది తెచ్చాక, దాంతో కొలిస్తే మళ్ళీ గీత కింద. రెండోది పెడితే పైన. ఒకే పెట్టె, ఒకే స్టూలు, ఒకే ఎండ. ఒకటి పాస్ అంటోంది, ఒకటి ఫెయిల్ అంటోంది.

ఆయన రెండిటి బిగింపులూ తడిమి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, రెండూ మొదటి నుంచే తేడాగా ఉన్నాయేమో, చెరి సగం పంచడమే తప్పేమో, అప్పుడు నిజం రెండిటికీ మధ్యలో ఉంటుందని. లెక్క ప్రకారం అది నిజమే. రెండూ మొదటి నుంచే వేర్వేరైతే, ఒకటి ఎంత తక్కువ చెబుతుందో ఇంకొకటి అంతే ఎక్కువ చెబుతుంది. మధ్యకు తెస్తే మా పెట్టె సరిగ్గా గీత కింద, ఊపిరి బిగబట్టుకుని, పాసయ్యేది.

నాకు ఏడుపొచ్చింది. లెక్క తప్పని కాదు. కలిపి కట్టినవాటిలో తేడా రాదని నమ్మి బతికిన మనిషి, తన చేతులే తప్పు చేశాయేమోనని తనకు తానే చెప్పుకుంటున్నాడు, ఆ సన్నటి ఆశ కోసం. ఎప్పుడూ దేన్నీ కాదననివాడు తన చేతిపనిని కాదంటున్నాడు. కోపం తెచ్చుకోవడం నాకు సులువు, అదే తెచ్చుకున్నాను. మొదటిది తర్వాత చెడిపోయి ఉంటే? చెడిపోతే యాంటెన్నా తక్కువ వింటుంది, ఎక్కువ వినడమనేది ఉండదు. అప్పుడు రెండోది చెప్పేదే నిజం, మధ్య లేదు గిధ్య లేదు. ఇద్దరు సాక్షులు చెరొకటి చెబుతున్నప్పుడు మధ్యకు విరిచి తీర్పు చెబుతామా అని అడిగాను. మూడోది కావాలన్నాను.

“ఒద్దు” అన్నాడు.

“ఎందుకొద్దు?”

“తెల్సుకొని ఏం జేస్తం? ల్యాబ్‌కు పోతే తెలుస్తది గద.” నా వంక చూడకుండానే అన్నాడు, “నీకు నిజం గావాలె. నాకు ఇంక నాలుగు దినాలు గావాలె.”

కానీ కొలవగలిగిన దాన్ని కొలవకుండా కూర్చోవడం నా ఒంట్లో లేదు. నిజం తెలిస్తే మిగిలిన ఆ కాస్త టైములో బోర్డును ఏదైనా చేయొచ్చు, తెలియకపోతే దాన్నీ చేజార్చుకుంటాం అన్నాను. ఆయన డాబా దిగి వెళ్ళిపోయాడు.

మూడోదాన్ని నేనొక్కదాన్నే చేశాను. పాత గొడుగు ఊచలు, విరిగిన బట్టల స్టాండు గొట్టాలు, చేతికి దొరికిన ఫెర్రైట్ ఉంగరం. నా చేతిపని సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, గుండీ కుట్టినా వంకరే. అయినా ఫర్వాలేదు. మూడో యాంటెన్నా గొప్పతనమే అది. అది ఎవరిలానూ ఉండక్కర్లేదు, ఒక్క పూట తనలా తాను ఉంటే చాలు. ఒంటరిగా తూకం ఎక్కనని మారాం చేసే ముగ్గురు పిల్లలున్నారనుకోండి. ఇద్దరిద్దరుగా ఎక్కిస్తాం, మూడు జతలు తూస్తాం. ఆ మూడు తూకాలుంటే ఎవరి బరువెంతో విడివిడిగా చెప్పేయొచ్చు. వాళ్ళు కవలలని ఎవరూ ఒట్టు పెట్టక్కర్లేదు. మేం మాత్రం ఇద్దరినే కలిపి తూచి, కవలలు కదా అని సగానికి విరిచాం.

మర్నాడు పొద్దున్నే ఆయన స్కూటర్ తుడుస్తూ కనిపించాడు. జాలీ చుట్టలు అప్పటికే ముందు కట్టేశాడు. నా గొడుగు ఊచల యాంటెన్నాను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఒక బిగింపు సరిచేసి, నా చేతికిచ్చాడు. ఈసారి అన్నిటినీ నూలు గుడ్డల్లో చుట్టి, దారంతా ఒళ్ళో పసిపిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాను.

వెంచరులో గాలి లేదు. మొదటిదీ రెండోదీ, రెండోదీ మూడోదీ, మొదటిదీ మూడోదీ. జత మార్చిన ప్రతిసారీ ఆయన స్టాండు ఎత్తు కొలిచి, గుండు దారం వేలాడదీసి నిటారుగా ఉందో లేదో చూశాడు. వద్దన్న పనినే అంత శ్రద్ధగా చేస్తుంటే చూడలేకపోయాను. వాచ్‌మన్ దూరంగా కూర్చుని బీడీ కాల్చుకుంటూ, మేం ప్లాటు కొలుచుకుంటున్నామనే అనుకున్నాడు.

హద్దురాయి మీద కూర్చుని, అతనిచ్చిన బ్రోచరు వెనక తెల్లగా ఉన్నచోట లెక్క వేశాను. వేసి మళ్ళీ వేశాను. రెండోది మొదటిసారి ఎంతో ఇప్పుడూ అంతే. తల వెంట్రుకంత తేడా లేదు. మొదటిది మాత్రం చెవిటిదైపోయింది.

బ్రోచరు ఆయన చేతికిచ్చాను. ఆయన చూశాడు. మొదటిదాన్ని విప్పి లోపలి నల్లటి ఉంగరాన్ని గోటితో తడిమాడు. సన్నటి పగులు. హైవే గుంతల్లో ఎక్కడో, నా మోకాళ్ళ మధ్యనే పగిలి ఉంటుంది. నిన్నటి తువ్వాళ్ళ బరువుకు కాదు, వాటికి ముందూ తర్వాతా అది చెప్పింది ఒకే అంకె; అంతకు ముందే, మేం బజ్జీలు తిన్న మధ్యాహ్నానికి చాలా ముందే.

“రెండు ఒక్క తీర్గనే ఉండె” అన్నాడు. “నేను మంచిగనే చేసిన.”

అవునన్నాను. చేతిపని తప్పు కాలేదు, జంట జంటే. మధ్యలో నిలబెట్టుకున్న ఆశే తప్పయింది. చేతిపనీ ఆశా, రెండిట్లో ఏదో ఒక్కటే మిగులుతుందని ఆయనకు నాకంటే ముందే తెలుసు. ఆ ఎండలో, కోళ్ళ జాలీ మీద గొంతుక్కూర్చుని, ఆయన ఉంగరాన్ని చాలాసేపు అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. నేను ఆ మనిషిని అంతగా ఎప్పుడూ ప్రేమించలేదు, అంత నిస్సహాయంగా ఎప్పుడూ లేను.

తర్వాతి రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు. రెండో యాంటెన్నా ముందు పెట్టెను పెట్టి, నాకు తెలిసినదల్లా చేశాను. లోపలి తీగ పొట్టి చేశాను, దానికి ఫెర్రైట్ ఉంగరం తొడిగాను, రేకు మూతను నాలుగు వైపులా టాకా వేశాను. మొన దిగింది, ఇంకాస్త దిగింది, గీతకు జానెడు దూరం కాస్తా బెత్తెడైంది, బెత్తెడు గోరంతైంది. అక్కడ ఆగిపోయింది. ఆ గోరంత దిగాలంటే చిప్ మార్చాలి, బోర్డంతా కొత్తగా గీయించాలి, దానికి వారాలు పడతాయి. నెలాఖరుకు వారాల్లేవు. ఆయన పక్కనే కూర్చుని టాకా వేసే ఐరన్ అందించేవాడు, తీసుకునేవాడు. చిరాకుపడితే బాగుండునని నేను ఎదురుచూసేదాన్ని. పడేవాడు కాదు.

ల్యాబ్‌కు బయల్దేరిన పొద్దున నేను చేసిన ప్రార్థన తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ రాదు, ఏడుపూ రాదు. నిజం కావాలని ఇంట్లో రణరంగం చేసినదాన్ని, మా కొలత తప్పు కావాలని మొక్కుకున్నాను. గొడుగు ఊచలతో, కోళ్ళ జాలీ మీద చేసిన లెక్క కదా, ఎటో ఒకవైపు జారకుండా ఉంటుందా అనుకున్నాను. జారితే మా వైపుకే జారమన్నాను.

ఎంత రావచ్చనుకుంటున్నారని ల్యాబ్ ఇంజనీరు మాటవరసకు అడిగాడు. మా ఆయన అంకె చెప్పాడు, గీతకు ఇంత పైన అని. ముళ్ళ గది తలుపు మూశారు. బల్ల మెల్లగా తిరగడం, యాంటెన్నా పైకీ కిందికీ కదలడం తెర మీద చూస్తూ నిలబడ్డాం. గ్రాఫు ఎడమ నుంచి గీసుకుంటూ వచ్చింది. మా చోటుకొచ్చేసరికి నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను.

ఆయన చెప్పిన అంకే వచ్చింది. జారలేదు.

ఇంజనీరు తెర వంకా, మా ఆయన వంకా మార్చి మార్చి చూశాడు. “మీ యాంటెన్నా ఎక్కడ క్యాలిబ్రేట్ చేయించారండీ?” అన్నాడు. మేమే చేసుకున్నామని మా ఆయన చెప్పాడు. ఇంత దగ్గరగా రావడం చాలా కష్టమని, తానైతే చూడలేదని ఆ అబ్బాయి నిజంగానే మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే రిపోర్టులో ఫెయిల్ అని కొట్టాడు. అతన్ని తిట్టాలనిపించలేదు. చేసిన పని ఇంత సరిగ్గా కుదరడం మా ఇద్దరి బతుకులో అదే మొదలు, దాంతోనే అంతా అయిపోయింది.

మెట్రోలో సీటు దొరికింది. పెట్టె ఉన్న సంచి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంకో ఆసుపత్రిని అడుగుదామని, కొత్త బోర్డు గీయిద్దామని, ఈలోగా బావగారితో నేను మాట్లాడతానని ఏదేదో చెబుతూ వచ్చాను. నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నదానిలా వినిపించింది. దిల్‌సుఖ్‌నగర్ రాగానే ఆయన లేచాడు.

“మనం దిగేది ఇక్కడ కాదండీ” అన్నాను.

“ఎరుకే” అన్నాడు.

నెల మారడానికి ఇంకా రోజులున్నాయి. ఆ రోజులు కావాలనే కదా నాతో అంత మాటన్నాడు. ఇప్పుడు అవి కూడా అక్కర్లేదన్నట్టు మెట్లు దిగి, రోడ్డు దాటి, జనంలోంచి నడుస్తున్నాడు. వెనకే నడిచాను.

షాపు నిండా ఆడవాళ్ళు. తెల్లటి పరుపు మీద చీరలు గుట్టగా పడి ఉన్నాయి. బావగారు ఎవరికో కొంగు చూపిస్తూ తలెత్తి తమ్ముణ్ణి చూశారు, వెనక నన్ను, నా చేతిలోని సంచిని చూశారు. చూపిస్తున్న చీర మడత పక్కన పెట్టి, పరుపు మీద కాస్త అవతలికి జరిగారు. తమ్ముడు కావాలని ఇన్నాళ్ళు ఎదురుచూసిన మనిషి, ఆ జరగడంలో ఒక్క పిసరు సంతోషం లేదు. మా ఆయన చెప్పులు విప్పి, ఎక్కి, ఆ ఖాళీలో కూర్చున్నాడు.

“తిన్నవార?” అన్నారు బావగారు.

“తిన్నన్నా.”

పొద్దున్నుంచి ఇద్దరం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఎదురుగా ఉన్నావిడ ఆకుపచ్చది చూపించమంది. ఆయన చేయి చాచి చీర అందుకున్నాడు, మడత విప్పాడు, అంచు ఆమె వైపు తిప్పి పరిచాడు. నేను చెప్పుల గుట్ట దగ్గర నిలబడి, సంచిని గుండెలకు అదుముకుని, అందరి ముందూ ఏడ్చాను.